లియాన్‌కి మూడో నది

ఏటా నవంబరు మూడో గురువారానికి ముందురోజు రాత్రి, బోజూ అనే ఊళ్లో ఎవరూ నిద్రపోరు. జనాభా రెండు వేలు. ఆ ఒక్క రాత్రి మాత్రం వీధుల్లో అడుగు పెట్టే సందుండదు. ఎండిన ద్రాక్ష కొమ్మల్ని బండ్ల మీద పేర్చి మంట పెడతారు. కాగడాలు పట్టుకుని పీపాలను ఊరేగిస్తారు. అచ్చం మన దగ్గర జాతర చూసినట్టే ఉంటుంది. గడియారం పన్నెండు కొట్టగానే పీపాకి కుళాయి బిగించి తిప్పుతారు. గ్లాసుల్లోకి దూకేది... రెండు మూడు నెలల కిందట చెట్టున కాయగా వేలాడిన ద్రాక్ష!

వైన్ అనగానే సినిమాల్లో చూపించే నేలమాళిగ, దుమ్ముపట్టిన సీసాలు, దాని వయసు చెప్పి మురిసిపోయే ఆసామి గుర్తొస్తారు. బోజొలేలో ఆ లెక్కలు చెల్లవు. ఇక్కడి కొత్త వైన్‌ని దాచుకోకూడదు. వచ్చే వేసవిలోపు తాగేయాలి. ధరా అంతే. ఫ్రాన్సులో పది యూరోల లోపే, అంటే మన లెక్కలో ఇంచుమించు వెయ్యి రూపాయల లోపే సీసా దొరుకుతుంది. బర్గండీ వైన్లకి వందల యూరోలు పోసే దేశంలో ఇది కూలీనాలీ జనం వైన్. ఆ చవకతనమే దీనికి పేరు తెచ్చింది. ఒక దశలో దాన్నే ముంచేసింది కూడా.

బంగారు రాళ్లు, నల్లరాతి కొండలు

పారిస్‌లో టీజీవీ రైలెక్కితే రెండు గంటల్లో లియాన్. అక్కణ్నుంచి ఉత్తరం దిక్కుగా ఇంకో అరగంట వెళితే విల్‌ఫ్రాంష్. అక్కడ మొదలవుతాయి బోజొలే కొండలు. తూర్పున సోన్ నది మైదానం, పడమట అడవులు, మధ్యలో పొడవు యాభై కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు పదిహేను, ఇరవై. అంతే ప్రాంతం.

దక్షిణాన ఉన్న పల్లెలన్నీ పసుపురంగు సున్నపురాతితో కట్టినవే. సాయంత్రం ఎండ పడితే గోడలు పసుపు పూసిన గడపల్లా మెరుస్తాయి. అందుకే ఆ భాగాన్ని బంగారు రాళ్ల సీమ అంటారు. అక్కడి వాన్యు అనే ఊరు ఫ్రాన్సులో అందమైన పల్లెల జాబితాలో ఉంది. ఉత్తరానికి పోతే రాయి మారుతుంది. సున్నపురాయి పోయి గ్రానైట్ వస్తుంది. మట్టి పలచబడుతుంది. మామూలు పంటకైతే రైతు తల పట్టుకునే నేల. ఇక్కడి ద్రాక్షకి మాత్రం అదే కావాలి. బోజొలేలో మేలైన వైన్ తీసే పది ఊళ్లూ, కొండలూ ఆ గ్రానైట్ వైపే ఉన్నాయి... మోర్గో, ఫ్లూరీ, బ్రూయీ, మూలాన్ ఆ వాన్, షిరూబుల్, ఇంకా మిగతావి. ఈ రాళ్ల వైవిధ్యం చూసే 2018లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ జియోపార్కుల్లో చేర్చింది.

బ్రూయీ కొండ ఎత్తు ఐదు వందల మీటర్లు కూడా ఉండదు. కానీ చుట్టూ తోటలే కాబట్టి ఆకాశంలో ఉన్నట్టే కనిపిస్తుంది. కొండ కొసన చిన్న ప్రార్థనాలయం. అందులోని మాతని ద్రాక్షల మాత అని పిలుస్తారు. 1850లలో బూడిద తెగులు తోటల్ని తినేస్తుంటే ఏం చెయ్యాలో తోచక రైతులు కట్టించుకున్న గుడి అది. 1857లో పూర్తయింది. తెగులుకి గంధకం మందు దొరికాక కూడా సెప్టెంబరులో మొక్కులు ఆగలేదు.

అంతకుముందే ఇంకో చీడకి మందు కనిపెట్టిన మనిషి కథ రొమనేష్‌లో వినిపిస్తుంది. పేరు బెన్వా రాక్లే. పైరాల్ అనే పురుగు పడి ఊరంతా తోటలు పోతుంటే, ఆయనింటి గోడ పక్కన ఉన్న ఒక్క తీగ మాత్రం పచ్చగా నిలిచింది. ఎందుకా అని చూస్తే, ఇంట్లో అంట్లు తోమిన వేడినీళ్లు రోజూ దాని మొదట్లోనే పోస్తున్నారు! చలికాలంలో తీగ బెరడు మీద మరిగే నీళ్లు పోస్తే లోపల దాక్కున్న పురుగులు చస్తాయని అలా తెలిసింది. ఊళ్లోవాళ్లు మొదట పిచ్చివాడన్నారు. ఆయన 1844లో చనిపోయాక గానీ విలువ తెలీలేదు. విగ్రహం పెట్టారు. ఇప్పటికీ అక్టోబరు చివర్లో ఆయన పేరుతో ఉత్సవం చేసి, ఆ ఏటి వైన్‌ని మొదటిసారి రుచి చూస్తారు. అంట్ల నీళ్లకి ఇంత ఘనత దక్కిన ఊరు ఇంకెక్కడా ఉండదేమో.

దొరగారికి నచ్చని చెట్టు

బోజొలేలో ఎర్రవైన్ అంతా ఒకే రకం ద్రాక్షతో తీస్తారు. దాని పేరు గామే. దీనికి ఆరు వందల ఏళ్లుగా ఒక నింద ఉంది. 1395లో బర్గండీ పాలకుడు ఫిలిప్, చరిత్రలో ధైర్యశాలి ఫిలిప్‌గా పేరున్నవాడు, తన రాజ్యంలో గామే చెట్లన్నీ పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అది నమ్మదగని, చేదు వైన్ ఇచ్చే చెట్టని ఆయన అభియోగం. అసలు సంగతి వేరు. రాజుగారికి ఇష్టమైన పినో నువార్ కొద్దికొద్దిగా, ఆలస్యంగా కాస్తుంది. గామే తొందరగా, గంపలకొద్దీ కాస్తుంది. రైతు దేన్ని వేస్తాడు?

పీకించిన చెట్టు దక్షిణానికి వచ్చి గ్రానైట్ కొండల మీద స్థిరపడింది. బర్గండీ సున్నపునేలలో పలచటి వైన్ ఇచ్చిన గామే ఇక్కడ ఘుమఘుమలాడింది. తమాషా ఏమిటంటే, 1999లో శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలు చేస్తే గామే తల్లిదండ్రుల్లో ఒకటి పినో అని తేలింది. రెండోది గుయే బ్లాంక్ అనే నాటు తెల్లద్రాక్ష. రాజుగారు వెళ్లగొట్టింది తన ముద్దుల చెట్టు బిడ్డనే!

ఈ కొండల్లో తోటపని చాలా కష్టం. గామేని పాత పద్ధతిలో తీగలా పాకించరు. గిన్నె ఆకారంలో, మోకాలెత్తు పొదలా కత్తిరిస్తారు. దున్నేటప్పుడూ, కోసేటప్పుడూ నడుం వంగాల్సిందే. నిటారు వాలు కాబట్టి ట్రాక్టర్ ఎక్కదు. గుత్తులు నలగకూడదు కాబట్టి చేత్తోనే కోత. పైగా చాలామంది రైతులకి భూమి సొంతం కాదు. మన దగ్గర సగపాలు చేసినట్టే ఇక్కడా తరతరాలుగా ఒక పద్ధతి ఉంది. భూమి ఆసామిది, కష్టం రైతుది, పంట చెరిసగం. ధర పడిపోయిన ఏడు ఆ సగంలో మిగిలేదెంతో మన కౌలు రైతుకి వేరే చెప్పక్కర్లేదు.

కోత ముగిసిన రోజు మాత్రం కూలీలకీ, ఆసామికీ ఒకే బల్ల. దాన్ని రవోల్ అంటారు. సారా బట్టీ పెట్టే రోజుల్లో ద్రాక్షపిప్పి మధ్యన సాసేజ్‌లు పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. పిప్పి వాసన మాంసంలోకి దిగుతుంది. ఏ పెద్ద హోటల్లోనూ ఆ రుచి రాదని ఇక్కడివాళ్ల ధీమా.

అరటిపండు వాసన ఎక్కణ్నుంచి?

మామూలుగా ఎర్రవైన్ చేసేటప్పుడు ద్రాక్షని నలిపి, రసాన్ని తొక్కతోపాటు పులియబెడతారు. ఇక్కడ నలపరు. గుత్తులు గుత్తులుగానే తొట్టిలో వేసి మూత పెట్టేస్తారు. పైన బరువుకి అడుగున ఉన్న కాయలు చితికి పులవడం మొదలవుతుంది. ఆ పులుపులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ తొట్టంతా నిండుతుంది. గాలి ఆడక పైన ఉన్న కాయలు చిత్రంగా తమలో తామే, తొక్క పగలకుండా లోపలే పులవడం మొదలెడతాయి. కొత్త వైన్‌కైతే నాలుగైదు రోజులు చాలు. తర్వాత పిండేయడమే.

దీనివల్ల ఏం జరుగుతుందంటే, తొక్క రంగు వస్తుంది గానీ గింజల్లోంచీ తొక్కల్లోంచీ వగరు పెద్దగా దిగదు. వైన్ పండితులు టానిన్ అని చెప్పేది మనకి చిన్నప్పట్నుంచీ తెలిసిన ఈ వగరే. పచ్చి నేరేడు కొరికితే నాలుక పీక్కుపోతుంది చూడండీ, అదే. షడ్రుచుల్లో దానికో స్థానం ఇచ్చిన భాషకి ఇంగ్లిషు మాట అక్కర్లేదు. ఆ నాలుగైదు రోజుల పులుపులోనే ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థమూ తయారవుతుంది. పండిన అరటిపండు వాసనకి కారణమూ అదే. అందుకే కొత్త బోజొలే గ్లాసు ముక్కు దగ్గర పెడితే అరటిపండు, స్ట్రాబెర్రీ, పిల్లలు చప్పరించే పిప్పరమెంటు బిళ్ల... అన్నీ ఒక్కసారి పలకరిస్తాయి.

రుచి చూసే పద్ధతిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గ్లాసు మూడో వంతే నింపాలి. తెల్లకాగితం ముందు వంచి రంగు చూడాలి. కొత్త గామే అంచు ఊదారంగులో ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఇటుకరంగుకి తిరుగుతుంది. తర్వాత గ్లాసుని మెల్లగా గుండ్రంగా తిప్పి వాసన చూడాలి. ఆనక ఒక్క గుక్క నోట్లో అటూఇటూ తిప్పాలి. నాలుక పక్కల నీరూరితే అది పులుపు. చిగుళ్లు బిగుసుకుంటే వగరు. మింగాక గొంతులో వెచ్చబడితే ఆల్కహాలు. రోజుకి యాభై రకాలు చూసే వృత్తి నిపుణులు మింగనే మింగరు, పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తారు. చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎర్రవైన్‌ని చల్లబరచకూడదని విని మన వేసవి వేడిలోనే బల్ల మీద పెట్టేస్తారు. బోజొలేని పన్నెండు, పదమూడు డిగ్రీల దాకా చల్లబరచాలి. వేడెక్కితే పళ్ల వాసన పోయి ఘాటు మాత్రం మిగులుతుంది.

అన్ని బోజొలేలూ అరటిపండు వాసనే వేస్తాయనుకుంటే పొరపాటు. మూలాన్ ఆ వాన్‌లో పాత గాలిమర చుట్టూ ఉన్న తోటల వైన్‌ని పదేళ్లు దాచొచ్చు. మోర్గోదీ గట్టిపిండమే. ఫ్లూరీ మాత్రం పేరుకి తగ్గట్టే పూల వాసన. ఇన్ని ఉన్నా, ఊరి పేరు పడిన ఈ సీసాలు సైతం బర్గండీ ధరలో ఓ మూలకి రావు. తెలిసి కొనేవాళ్లు వెతుక్కునేది ఇక్కడే.

బోటీ, బంగాళాదుంప, ఓ పో

లియాన్‌లో మూడు నదులు పారతాయని ఓ పాత సామెత. రోన్, సోన్, మూడోది బోజొలే. ఆ మూడో నదిని చూడాలంటే బూషో అనే చిన్న భోజనశాలలోకి వెళ్లాలి. గళ్ల గుడ్డ పరిచిన బల్లలు, మోచెయ్యి పక్కవాడికి తగిలేంత ఇరుకు. వైన్ సీసాలో రాదు. పో అనే మందమైన అడుగున్న గాజుపాత్రలో వస్తుంది. దాని కొలత సరిగ్గా 46 సెంటీలీటర్లు. అర లీటరుకి నాలుగు తక్కువ. కూలీలకి ఇవ్వాల్సిన అర లీటర్లో యజమానులు ఆ నాలుగూ నొక్కేశారని ఓ కథ చెబుతారు. నిజమైనా కాకపోయినా కథలో కోపం మాత్రం నిజం.

పంతొమ్మిదో శతాబ్దంలో లియాన్ అంటే పట్టు. కొండమీది ఇరుకు ఇళ్లలో మగ్గాల మోత ఆగేది కాదు. తెల్లవార్లూ నేసిన పట్టు కార్మికులు పొద్దున్నే బూషోల్లో కూచుని తినే తిండిని మాషో అంటారు. డబ్బున్నవాళ్లు వదిలేసిన మాంసమే వాళ్లకి దక్కేది. బోటీ, పేగులు, కాళ్లు, తలకాయ. మన మాంసం కొట్టు దగ్గర బోటీ కోసం ఆదివారం పొద్దున్నే నిలబడే జనానికి ఈ కథ కొత్తేమీ కాదు. బోటీని వైట్‌వైన్‌లో నానబెట్టి, రొట్టెపొడి అద్ది వేయిస్తే దానికి సైనికుడి తోలు ఏప్రన్ అని పేరు. పేగులతో చేసిన సాసేజ్ పేరు ఆందుయెట్. ఉడికించిన సాసేజ్, వెన్నలో బంగాళాదుంప ముక్కలు మరో పళ్లెం. మాంసం కొనలేని రోజు చీజ్‌లో ఉల్లికాడలు, వెల్లుల్లి, కాస్త వెనిగర్ కలిపి గిలక్కొట్టేవాళ్లు. మన పెరుగు పచ్చడికి దూరపు చుట్టం. దాని పేరు పట్టుకార్మికుడి మెదడు! పేరు పెట్టింది ఎవరో గానీ నేతగాళ్ల మీద ఎంత చులకనో తెలుస్తూనే ఉంది.

ఈ తిండికీ ఈ వైన్‌కీ జత ఎందుకు కుదిరింది? బోటీ, సాసేజ్‌లలో కొవ్వుంటుంది, నాలుక మీద జిడ్డు పేరుకుంటుంది. గామేలోని పులుపు దాన్ని కడిగేసి తర్వాతి ముద్దకి నోరు సిద్ధం చేస్తుంది. మనం కొవ్వు మాంసంలో గోంగూర వేసే తెలివే ఇది కూడా. ఎక్కువ వగరున్న బోర్డో వైన్‌ని చేపతో తాగితే నోట్లో ఇనుప రుచి తగులుతుంది. బోజొలేతో ఆ గొడవ తక్కువ. అందుకే లియాన్‌లో చేపముద్దల కెనెల్ పక్కనా ఇదే కనిపిస్తుంది. కోడి, గుడ్డు, చీజ్... దేని పక్కన పెట్టినా పోట్లాడదు.

కారం సంగతి వేరు. వగరూ ఆల్కహాలూ రెండూ మిరపకాయ మంటని రెట్టింపు చేస్తాయి. కాబట్టి మసాలా తిండి తినేవాళ్లు ఎర్రవైనే కావాలంటే వగరు తక్కువగా, చల్లగా ఉన్న ఇలాంటిదే వెతుక్కోవాలి. ధనియాల పొడి, మిరియాలు వేసిన కోడివేపుడు దాకా గామే సర్దుకుపోతుంది. ఆవకాయ ముందు మాత్రం ప్రపంచంలోని ఏ వైనూ నిలబడదు, దాన్ని అడక్కపోవడమే మర్యాద.

పండగ తెచ్చిన తంటా

కొత్త వైన్ ఈ కొండల్లో ఎప్పట్నుంచో ఉంది. కోత అయిపోయిందన్న సంబరంలో పల్లెల్లో తాగేది. 1951లో ప్రభుత్వం దాన్ని ముందుగా అమ్ముకోనిచ్చింది. 1985లో నవంబరు మూడో గురువారం ముహూర్తంగా స్థిరపడింది. ఈలోగా జార్జ్ డుబూఫ్ అనే వ్యాపారి రంగంలోకి దిగాడు. పూలబొమ్మల లేబుళ్లతో, 'వచ్చేసింది!' అనే ప్రచారంతో ఒక పల్లె సంబరాన్ని ప్రపంచ పండగ చేశాడు. 1970లలో లండన్‌కి మొదటి సీసా ఎవరు చేరుస్తారా అని కార్లతో పందేలు జరిగాయి. జపాన్‌లో సూర్యుడు ముందు ఉదయిస్తాడు కాబట్టి ఫ్రాన్సుకంటే ముందే అక్కడ మూతలు తీసేవాళ్లు. హకోనేలోని ఓ స్నానశాలలో ఈ వైన్ కలిపిన నీళ్లలో జలకాలాటలూ మొదలయ్యాయి.

రైతుకీ హాయే అనిపించింది. సెప్టెంబరులో కోసి డిసెంబరుకల్లా డబ్బు చేతికొస్తే ఎవరు కాదంటారు? ఒక దశలో ఈ ప్రాంతపు వైన్‌లో దాదాపు సగం కొత్త వైనే. తొందర పెరిగింది, చెట్టుకి కాయలు పెరిగాయి, రుచి పలచబడింది. అరటిపండు వాసన తప్ప ఇంకేం లేదన్న మాట పడింది. 2001 పంటలో లక్ష హెక్టోలీటర్ల వైన్ అమ్ముడుపోక బట్టీకి వెళ్లింది. ఓ వైన్ విమర్శకుడు లియాన్ పత్రికలో దీన్ని రాయలేని మాటతో తిడితే రైతులు కోర్టుకెక్కారు. 2003లో పత్రికకి భారీ జరిమానా పడింది. 2005లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కేసు ఓడింది సరే, పరువూ పోయింది.

తర్వాత పడ్డ దెబ్బ తోటల మీద. 2000 ప్రాంతంలో ఇరవై వేల హెక్టార్లు దాటిన ద్రాక్ష ఇప్పుడు దాదాపు సగానికి పడిపోయింది. డెబ్భై, ఎనభై ఏళ్ల పొదల్ని వేళ్లతో సహా పీకి కుప్పలేసి కాల్చిన వాళ్లున్నారు. ముసలి రైతు తప్పుకుంటే కొడుకు లియాన్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. 1395లో ఆజ్ఞ వేసి పీకిస్తే, ఈసారి ధర పీకించింది.

అయితే మోర్గోలో కొందరు ముందే వేరే దారి పట్టారు. జూల్ షోవే అనే వైన్ వ్యాపారి, రసాయన శాస్త్రవేత్త కూడా, 1989లో చనిపోయేదాకా ఒకటే చెప్పాడు. తోటలో మందులు తగ్గించండి, తొట్టిలో గంధకం తగ్గించండి, కాయ మీద ఉన్న ఈస్ట్‌నే పని చెయ్యనివ్వండి అని. మార్సెల్ లపియేర్ లాంటి రైతులు దాన్ని చేసి చూపించారు. ఆయన 2010లో పోయాడు. ఈ రోజు పారిస్‌లోనూ టోక్యోలోనూ 'సహజ వైన్' అని అమ్ముకునేవాళ్లు గురువుల పేర్లు చెప్పమంటే మొదట ఈ కొండల వైపే చూపిస్తారు. బర్గండీలో ఎకరం కొనలేని కుర్రాళ్లు ఇక్కడ వదిలేసిన పొదల్ని కౌలుకి తీసుకుంటున్నారు. ఎండలు ముదరడంతో కొత్త చిక్కూ వచ్చిపడింది. 2003 వడగాడ్పుల ఏడు ఆగస్టు మధ్యలోనే కోతకి దిగాల్సొచ్చింది. అప్పుడది వింత, ఇప్పుడు ఆగస్టు కోత మామూలైపోయింది. కాయ తీపెక్కి ఆల్కహాలు పెరుగుతోంది, చల్లగా తాగే తేలికపాటి వైన్ అన్న పేరు నిలబెట్టుకోవడం కష్టమవుతోంది.

వెళ్లాలనుకుంటే సెప్టెంబరు చివర్లోనో, నవంబరు పండక్కో వెళ్లాలి. మొదటిదైతే ఆకులు ఎర్రబడే కాలం, తొట్టిలో పులుస్తున్న వాసన ఊళ్లంతా ఉంటుంది. రెండోదైతే చలి, జనం, గది దొరకడం కష్టం. ఓ ముఖ్యమైన మజిలీ వో-ఆన్-బోజొలే. 1934లో గాబ్రియెల్ షెవాలియే రాసిన 'క్లోష్‌మేర్ల్' అనే హాస్య నవలకి ఈ ఊరే ఆధారం. నవలంతా ఊరి మధ్యలో మూత్రశాల కట్టాలా వద్దా అనే తగువు. అది చదివి జనం వెతుక్కుంటూ వస్తుంటే ఊరివాళ్లు నొచ్చుకోలేదు, ఆ మూత్రశాలనే చూపిస్తున్నారు. దాన్ని చూసొచ్చాక పక్కనే ఉన్న నేలమాళిగలో ఆ ఊరి వైన్ రుచి చూడొచ్చు.